మంగళవారం అయిదు గంటల కుర్చీ

మా లైనులో వారం సోమవారంతో మొదలవదు. ఆదివారం పొద్దున్న చర్చి నుంచి వచ్చి, తెల్ల చొక్కా కూడా విప్పకుండా, హాజరీబాబు గోడకి తగిలించే కాయితంతో మొదలవుతుంది. మొదలయ్యేది అనాలి. ఆయన పోయి ఏడాది కావస్తోంది, ఇంకా ఆ మాట మార్చడం నాకు చేతకావడం లేదు. ఆయన పోయిన నెలలోనే ఒక ఆదివారం వాళ్ళ ముందుగదిలోకి వెళ్తే గోడ మీద ఇనప క్లిప్పు ఒక్కటే ఉంది. దాని పళ్ళ మధ్య ఏమీ లేదు.

అంతకు ముందు రోజే అక్కడ టీవీ రిమోటు వెనక మూత విరిగింది. ఒక చివర మా పక్కింటి ఆదెమ్మ లాగింది, ఇంకో చివర లైనులో ట్యూషన్లు చెప్పే టీచరమ్మ. రాత్రంతా సి షిఫ్టు చేసి వచ్చి పడుకున్న హాజరీబాబు కొడుకు ఎర్రకళ్ళతో లేచి వచ్చాడు.

"నాన్న ఉన్నన్నాళ్ళూ ఈ గది ఆఫీసులా ఉండీది. ఇప్పుడు సంతయిపోనాది. రేపు సాయంత్రం లోపల ఆ క్లిప్పుకి కాయితం ఎక్కితే సరి. లేదంటే మిస్త్రీని పిలిచి ఛత్రీ విప్పించేత్తాను. బస్. ఇంక మాట్లేదు."

ఛత్రీ అంటే మేడ మీద డిష్షు. అది విప్పేస్తే మాకు తెలుగు లేదు. మా లైను టాటానగర్ ఊళ్ళో భుయ్యాడీహ్‌లో నది వైపు దిగే సందు. తెలుగిళ్ళు అయిదు. కేబులువాడు మాకు హిందీ ఇస్తాడు, బెంగాలీ ఇస్తాడు, భోజ్‌పురి అడక్కపోయినా ఇస్తాడు. తెలుగు అడిగితే నవ్వుతాడు. తెలుగు కావాలంటే ఎవరికి వాళ్ళు ఛత్రీ పెట్టుకోవాలి, కానీ మా ఇళ్ళకి దక్షిణం వైపు పెద్ద అపార్టుమెంటు లేచి ఆకాశానికి అడ్డం పడింది. సిగ్నలు దొరికే మేడ హాజరీబాబుది ఒక్కటే. పిల్లలకి ఫోనులున్నాయి, వాళ్ళకేం. మాకు ఫోనులో మనుషులు చీమల్లా కనిపిస్తారు. చీమ ఏడిస్తే ఎవరికి బాధేస్తుంది?

కాబట్టి టీవీలో ఈ వారం ఏం చూడాలన్నది మిగతా ఊళ్ళలో ఏమో గానీ మా లైనులో చిన్న విషయం కాదు. దానికొక అధికారి ఉండేవాడు. ఆ అధికారి గురించే ఇది.

ముప్పై ఎనిమిదేళ్ళు కంపెనీ గేటు దగ్గర కూర్చుని ఎవడొచ్చాడు, ఎవడు రాలేదు, ఎవడు ఎన్ని నిమిషాలు ఆలస్యం అని రాసిన మనిషి. అమ్మానాన్నలు పెట్టిన పేరు పెన్షను కాయితాల్లోనే ఉండిపోయింది, నేనూ దాన్ని అక్కడే ఉండనిస్తాను. హాజరీబాబు అంటే చాలు, రిక్షావాడు తిన్నగా ఇంటి ముందు దింపుతాడు. రిటైరయ్యాక మనుషులు లేక ఆయన చేతులు దురద పెట్టేవనుకుంటాను. మేం టీవీ కోసం జుట్లు పట్టుకుంటుంటే చూసి, ఒక ఆదివారం మా మీద డ్యూటీలు వేశాడు.

పొద్దున్న ఆరు నించి రెండు దాకా ఏ షిఫ్టు. రెండు నించి రాత్రి పది దాకా బి షిఫ్టు. పది దాటితే టీవీకి షట్‌డౌను, దానిమీద తువ్వాలు కప్పేవాడు. టీవీ ముందు పేము కుర్చీ ఒకటి. చూడ్డానికి ఎవరైనా రావచ్చు, చాప మీద కూర్చోవచ్చు. ఏం చూడాలో చెప్పే హక్కు మాత్రం కుర్చీలో ఉన్నవాళ్ళది. ఇంటికి వారానికి రెండు కుర్చీలు. శనివారం పొద్దున్న వెంకన్న పాటలు మా హిందువుల లెక్క, ఆదివారం సాయంత్రం ప్రార్థనలు వాళ్ళ లెక్క. "దేవుడైనా టైముకి రావాల, టైముకి ఎల్లాల" అనేవాడు. పాస్టరుగారి ముందు కూడా అన్నాడట. పాస్టరుగారు ఆ రోజు వాక్యం త్వరగా ముగించారని టీచరమ్మ చెప్పింది.

శనివారం సాయంత్రం పెన్సిలు చెవి వెనక పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాడు. "ఈ వారం ఏటి సూత్తారు?" అని అడిగేవాడు. ఆదెమ్మ, రైల్వే పాయింట్స్‌మన్ పెళ్ళాం, ఊపిరి తీసుకోకుండా తొమ్మిది సీరియళ్ళు చెప్పేది. టీచరమ్మ, "మంచిదేదైనా పరవాలేదండీ" అనేది. అంటే ప్రార్థనలని అర్థం. అందరివీ శ్రద్ధగా రాసుకునేవాడు. రాసుకుని, మర్నాడు ఆయనకి తోచిన రోజులూ గంటలూ వేసేవాడు. ఎవరైనా గొణిగితే, "కోరిక రాసుకోడం నా పని. తీర్చడం నా పని కాదు" అనేవాడు.

అసలు గొడవ హ్యాండోవరు దగ్గర. ఫర్నేసు దగ్గర ఒకడు దిగి ఇంకొకడు ఎక్కేటప్పుడు ఏం జరిగిందో చెప్పి దిగాలట. కుర్చీ దగ్గరా అదే రూలు పెట్టాడు. ఆదెమ్మ లేవబోతే చెయ్యి అడ్డం పెట్టేవాడు.

"హ్యాండోవరు?"

"ఏటి హ్యాండోవరు బాబూ, పొయ్యి మీద పప్పుంది."

"పప్పు మాడితే పప్పొక్కటే మాడతాది. సెప్పకుండా దిగితే షిఫ్టంతా మాడతాది. సెప్పు."

ఆదెమ్మ టీచరమ్మ వైపు తిరిగి ఒక్క గుక్కలో అప్పజెప్పేది. "కోడలు ఏడిసేసింది. ఆడపడుచు ఏడిసేసింది. అత్త ఇంకా ఏడవనేదు. నీ షిఫ్టులో ఏడుత్తాదేమో సూసుకో."

"నేను ప్రార్థన పెట్టుకుంటానమ్మా."

"మరి అత్త ఏడిసినాదో నేదో నాకెవులు సెప్తారు?"

"దేవుడు చెప్తాడు" అనేది టీచరమ్మ, నెమ్మదిగా కుర్చీలో సర్దుకుంటూ.

రిలీవరు రాకపోతే కుర్చీ దిగడానికి లేదు. "రిలీవరు వచ్చీదాకా సీటు ఒదలకూడదు" అన్నది ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో. ఒకసారి నా తర్వాత రావలసిన మనిషికి జ్వరం వచ్చింది. నా సీరియలు అయిపోయాక దాని వెనకే వచ్చిన ఎవరివో ఎడ్లపోటీలు గంటన్నర చూశాను. దిగేటప్పుడు అడిగాడు, హ్యాండోవరు అని. "నల్లెద్దు గెలిసింది" అన్నాను. రాసుకున్నాడు.

ఇంకో సంగతి. ఆయన టీవీ వైపు కూర్చునేవాడు కాదు. గుమ్మం పక్కన రేకు కుర్చీ వేసుకుని, టీవీకి వీపు పెట్టి, మా వైపు తిరిగి కూర్చునేవాడు. ఆ కళ్ళు జన్మలో మిషన్లని చూసినవి కావు, మనుషుల్ని చూసినవి. మా మొహాలు చూసి కథ చెప్పేసేవాడు. "ఆదెమ్మ పెదం కొరికింది, అంటే ఆ పిల్ల ఇల్లొదిలి ఎల్లిపోతోంది." నిజంగానే వెళ్ళిపోయేది. మీరేం చూడరా బాబూ అంటే, "నాకెందుకమ్మా, నేను స్పేర్‌ని" అనేవాడు. స్పేర్ అంటే ఎవరైనా రాకపోతే వాళ్ళ చోట నిలబడే మనిషి. మరి నేను ఎడ్లపోటీలు చూసిన రోజు ఎందుకు నిలబడలేదో అడగడం నాకు తోచలేదు. కాయితం మీద ఇంటింటి పేరూ ఉండేది, ఆయన ఇంటి వంతులో కోడలు పేరే. ఆయన పేరు ఎక్కడా ఉండేది కాదు. అబ్బ, ఎంత త్యాగం అనుకునేవాళ్ళం. నేనైతే మా చుట్టాలకి ఫోను చేసి కూడా చెప్పాను.

ఆయనకి సుగరు. కోడలు మంచి పిల్లే గానీ ఈ విషయంలో జైలరు. రెండు ఎండు రొట్టెలు, కాకరకాయ రసం, పంచదార లేని టీ. టీని ఆయన "రంగేసిన ఏణ్ణీళ్ళు" అనేవాడు. కాకరకాయ రసాన్ని గ్రీజు అనేవాడు. పండక్కి ఎవరి ఇంట్లో అరిసెలు వండినా ఆ వాసనకి తల తిప్పేవాడు, చెవి కూడా అటు తిరిగిందేమో అనిపించేది. అంతకు మించి నోరెత్తేవాడు కాదు.

ఇప్పుడు నా సంగతి. మా ఆయన టాటానగర్ స్టేషన్లో రైలు పెట్టెలు తనిఖీ చేసేవాడు. ఇంట్లో చదవవలసినవన్నీ ఆయనే చదివేవాడు, నాకు అవసరం పడలేదు. ఆయన పోయాక అవసరం పడింది. ఆదివారం కాయితం మీద ప్రతి మనిషీ తన పేరు పక్కన సంతకం పెట్టాలి, నా డ్యూటీ నాకు తెలిసింది అని. లైనులో వేలిముద్రలు రెండే, నాదీ ఆదెమ్మదీ. హాజరీబాబు ఆఫీసు నించి తెచ్చుకున్న సిరా ప్యాడు తెరిచి పెట్టేవాడు, కాయితం మీద వేలు చూపించి చదివేవాడు. "రవణమ్మా, నీది గురువారం నాలుగు." నేను వేలు నొక్కేదాన్ని. గురువారం నాలుగింటికి వెళ్ళేదాన్ని. ఇంటికి రెండు కదా, రెండోదేదీ అని ఒకటి రెండుసార్లు అడిగాను. "ఉంటాదమ్మా, సూడాల" అనేవాడు. ఆఫీసుల్లో ఆ మాట అన్నాక మళ్ళీ అడగకూడదని మా ఆయన నాకు నేర్పాడు.

హాజరీబాబు పోవడానికి మూడేళ్ళ ముందు ఒక ఆదివారం నేను వేలు చాపితే ప్యాడు మూసేశాడు.

"ఎన్నాళ్ళమ్మా ఈ సిరా? నేర్సుకో."

"అరవై మూడేళ్ళొచ్చినాయి బాబూ. ఇప్పుడేటి నేర్సుకుంటాను?"

"టీవీ సూడ్డానికి కళ్ళున్నాయి కదా. ఆ కళ్ళే."

మర్నాటి నించి మధ్యాహ్నం పావు తక్కువ రెండింటికి, బి షిఫ్టు మొదలయ్యే ముందు, పావుగంట. పలక లేదు. పాత డ్యూటీ కాయితాల వెనక వైపు ఖాళీగా ఉంటుంది కదా, వాటి మీద. ఆయన కార్బను పెట్టి మూడు కాపీలు రాసేవాడు, ఒక్కటీ పారేసేవాడు కాదు. అఆలతో మొదలెడతాడనుకున్నాను.

"నీకు అఆలు అక్కర్నేదు. ముందు నీ పేరు. తరవాత వారాల పేర్లు. తరవాత గంటలు. ఆ తరవాత లైనులో అందరి పేర్లు. మనిషికి అంతే కావాల. మిగతా అక్షరాలు తీరికున్నోళ్ళకి."

అలాగే నేర్పాడు. రవణమ్మ అని నాలుగు అక్షరాలు గీయడానికి నాకు పన్నెండు రోజులు పట్టింది. "ణ" దగ్గర ప్రతిసారీ పెన్సిలు విరిగేది. మెత్తగా ఉండే మాస్టరు కాదు. నా "మంగళవారం" చూసి, "ఇది మంగళవారం కాదు, రైలు పట్టాలు తప్పింది" అన్నాడు. నేనూ ఊరుకునే రకం కాదు. "పట్టాలు నువ్వేసినవే" అన్నాను. కోపం వస్తే నా నోట్లోంచి "మీరు" జారిపోతుంది. ఆ రోజు జారింది మళ్ళీ వెనక్కి రాలేదు, ఆయనా అడగలేదు.

రెండు నెలలయ్యాక ఒక మధ్యాహ్నం ఇంట్లో కూర్చుని దిద్దుకుంటున్నాను. కిటికీ గాలికి కాయితం తిరగబడింది. వెనక వైపు పాత డ్యూటీ పట్టీ. చూద్దును కదా, గురువారం పక్కన నా పేరు. నాకెంత సంబరమేసిందో చెప్పలేను. నా పేరు నేను రాస్తే కాదు, ఇంకొకళ్ళు రాస్తే గుర్తుపట్టడం అదే మొదటిసారి. వేలు పెట్టి పైకి వెళ్ళాను, ఇంకేమైనా గుర్తుపడతానేమో అని. మంగళవారం. అయిదు గంటలు. రవణమ్మ.

ఇంకో కాయితం తిప్పాను. మంగళవారం, అయిదు, రవణమ్మ. ఇంకోటి. ఇంకోటి. నేను అక్షరాలు దిద్దిన కాయితాలన్నీ తిప్పేశాను. అన్నిటి మీదా మంగళవారం అయిదింటికి నేను కుర్చీలో ఉన్నాను. ఒక్క రోజు కూడా ఉండలేదు!

ఆ మర్నాడే మంగళవారం. అయిదింటికి ఆ గదిలో ఎవరూ ఉండరు. ఆదెమ్మ సంతకెళ్తుంది. టీచరమ్మకి ట్యూషన్లు. చివరింటివాళ్ళు చీకటి పడితే గానీ రారు. కోడలు ఆడవాళ్ళ ప్రార్థన కూటానికి వెళ్తుంది. ఎవరు ఎప్పుడు ఎక్కడుంటారో హాజరీబాబుకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? నేను చెప్పులు చేత్తో పట్టుకుని చప్పుడు చెయ్యకుండా వెళ్ళాను.

పేము కుర్చీలో ఉన్నాడు. టీవీ వైపు తిరిగి! నేను ఆయన్ని ఆ దిక్కుగా చూడ్డం అదే మొదలు. టీవీలో ఒక లావుపాటావిడ బెల్లం పాకం పడుతోంది. పాకం ఉడికి, బుడగలొచ్చి, ఆవిడ గరిటె పైకెత్తితే తీగలా సాగింది. హాజరీబాబు మెడ కూడా ఆ గరిటెతో పాటు పైకి లేచింది. ఆవిడ పళ్ళెంలో నీళ్ళు పోసి పాకం చుక్క వేసి ఉండ చేసింది. ఈయన ఇక్కడ బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఉండ చేశాడు. చేసి, ఆ వేళ్ళు నోట్లో పెట్టుకున్నాడు.

"దొంగ సచ్చినోడా" అన్నాను.

ఉలిక్కిపడ్డాడు గానీ లేవలేదు. వేళ్ళు తీసి లుంగీకి తుడుచుకున్నాడు.

"ఎవులు దొంగ?"

"నా మంగళవారం ఎక్కడ? కాయితం మీద నా పేరుంది. సదివినాను."

"సదివినావా?" అన్నాడు. నిజంగా సంతోషించాడు, అది నేను అబద్ధం చెప్పలేను. "ణ గుర్తుపట్టినావా?"

"ణ సంగతి తరవాత. నాకెందుకు సెప్పనేదు?"

"రాసినాను కదమ్మా. నా ముప్పై ఎనిమిదేళ్ళ సర్వీసులో తప్పుడు హాజరు ఒక్కటి రాయనేదు. ఇంటికి రెండు కుర్చీలంటే రెండూ రాసినాను. గోడకి తగిలించినాను. మనిషి రాకపోతే ఆబ్సెంటు. ఆబ్సెంటయితే స్పేర్ కూకుంటాడు. అందులో తప్పేటుంది?"

"సదువు రాని దానికి సదివి సెప్పకపోడం తప్పు కాదా?"

టీవీలో ఆవిడ నెయ్యి వేసింది. ఇద్దరం చూశాం.

"అందుకే కదా నేర్పినాను" అన్నాడు చివరికి. "ఏడాది పైన తిన్నాను నీ కుర్చీ. తిన్నది అరగట్నేదు."

"ఆ కాయితాలే ఎందుకిచ్చినావు దిద్దుకోడానికి? కొత్త కాయితం నేదా ఇంట్లో?"

"పాత కాపీలు పారేసీ అలవాటు నాకు నేదు" అన్నాడు గోడ వైపు చూస్తూ. ఇప్పటికీ నాకు తెలిసింది అంతే.

కుర్చీ ఖాళీ చేసి, రిమోటు నా చేతిలో పెట్టి, హ్యాండోవరు కూడా ఇచ్చాడు. "పాకం అయిపోనాది. నువ్వులు ఎయ్యాల." నేను కూర్చుని వెంటనే సీరియలు పెట్టాను. కసి. ఆయన రేకు కుర్చీలో, టీవీకి వీపు పెట్టి కూర్చున్నాడు. నా మొహం చూసి కథ చెప్పలేదు ఆ రోజు.

కోడలికి చెప్పేద్దామనుకున్నాను. చెప్తే ఏమవుతుంది, ఆ పిల్ల మంగళవారం కూటం మానేసి కాపలా కూర్చుంటుంది. టీవీలో బెల్లం చూసినా సుగరు పెరుగుతుందనే రకం. ఊరుకున్నాను.

మళ్ళీ మంగళవారం అయిదింటికి దర్జాగా వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. పది నిమిషాలు గడిచాయి. హాజరీబాబు లేచాడు. గుమ్మం దాకా వెళ్ళాడు. చెయ్యి చెవి దగ్గర పెట్టాడు.

"రవణమ్మా, నల్లా నీళ్ళొచ్చేసినట్టున్నాయి."

మా బస్తీలో నీళ్ళకి టైము లేదు. వచ్చాయంటే పెళ్ళి పందిట్లోంచి కూడా లేచి పరిగెత్తాలి. పరిగెత్తాను. బకెట్టు పట్టుకుని సందు చివరికి వెళ్తే కుళాయి పొడిగా ఉంది, దాని మీద కాకి కూర్చుని ఉంది. తిరిగొచ్చేసరికి ఆయన పేము కుర్చీలో, టీవీలో పాకం.

"సీటు ఖాళీగా ఉంది, స్పేర్ కూకున్నాడు" అన్నాడు, నా వైపు చూడకుండా.

ఆ పై వారం మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ చెవి దగ్గర చెయ్యి పెట్టాడు. ఆ నీళ్ళు రాలేదని నాకు తెలుసు. బకెట్టు తీసుకున్నాను. కుళాయి గట్టు మీద బకెట్టు బోర్లించి, దాని మీద కూర్చుని, నదివైపు గాలి పీల్చుకుని, అయిదున్నరకి లేచి వచ్చాను. అలా ఎన్ని మంగళవారాలో. ఒక్కసారీ ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. పైగా తిరిగొచ్చాక, "ఒచ్చినాయా?" అని అడిగేవాడు. "ఇప్పుడే ఆగినాయి" అనేదాన్ని. "ఈళ్ళ నీళ్ళు ఇంతే" అని తిట్టేవాడు. ఒక మంగళవారం మాత్రం నేను వెళ్ళేసరికి కుళాయి నిజంగా ధారగా పోతోంది. లైనులో ఎవరికీ తెలీదు, నేనొక్కదాన్నే ఇంట్లో గిన్నెలన్నీ నింపుకున్నాను. వచ్చి చెప్తే ఆయనే అదిరిపడ్డాడు.

"నిజంగానే ఒచ్చినాయా?"

"నువ్వే కదా సెప్పినావు."

"ఆఁ. సెప్పినాను" అన్నాడు, తనకి తనే నమ్మకం కుదరనట్టు.

తర్వాత ఆయన కిడ్నీలు మొరాయించాయి. ఆస్పత్రిలో పెట్టారు. నేను చూడ్డానికి వెళ్ళింది మంగళవారమే, కావాలనే వెళ్ళాను. మంచం మీద సగం మనిషే ఉన్నాడు. కోడలు మందులకని కిందకి దిగింది. ఆయన గోడ గడియారం చూశాడు. అయిదు.

"కుర్చీలో ఎవులున్నారు?"

"ఎవులూ నేరు. నేనిక్కడున్నాను కదా."

"అయితే నీకు ఆబ్సెంటే."

"పోయిన వారం నేను సూసినాను" అన్నాను. "హ్యాండోవరు ఇయ్యమంటావా?"

కళ్ళు మూసుకుని తలూపాడు. నేను దగ్గరికి జరిగి చెప్పాను. కొత్త బెల్లం, నల్లటిది, కొంచెం ఉప్పగా ఉంటుందే అది. పాకం ముదరనిచ్చింది. ఉండకట్టాక బియ్యప్పిండి పోసి కలిపింది. నువ్వులు రెండు వైపులా అద్దింది. నూనెలో వేస్తే పొంగి, అంచులు ఎర్రబడ్డాయి. చెక్కతో నొక్కింది. ఆయన గొంతు ఒకసారి కిందకీ పైకీ కదిలింది.

"పిండి కలిపేటప్పుడు నెయ్యి ఏసిందా?"

"ఏసింది. గరిటెడు."

"తక్కువ" అన్నాడు.

నాతో ఆయన అన్న ఆఖరి మాట అదే. మూడు రోజులకి పోయాడు, బి షిఫ్టు మధ్యలో.

మళ్ళీ ఆ ఖాళీ క్లిప్పు దగ్గరికి వద్దాం. ఆదివారం మధ్యాహ్నం ముందుగదిలో అందరం కూర్చున్నాం. కాయితం రాయాలి, ఎవరు రాయాలి? లోపల కొడుకు పడుకుని ఉన్నాడు కాబట్టి కొట్లాట కూడా గుసగుసల్లో జరిగింది.

"టీచరమ్మ రాత్తే వారానికి ఏడు ఆదివారాలు ఒత్తాయి" అంది ఆదెమ్మ.

"నువ్వు చెప్తే రాసేస్తానమ్మా, నాకేం" అంది టీచరమ్మ.

"నేను సెప్పింది రాసినావో నేదో నాకెలా తెలుత్తాది?"

కోడలు అడిగింది, "పోనీ రవణమ్మ పిన్ని రాత్తే?"

ఆదెమ్మ నా వైపు తిరిగి, నఖశిఖ పర్యంతం ఒకసారి చూసి, తీర్పు చెప్పింది. "ఒదిన రాయనీ. దానికొచ్చిన అక్షరాలు మోసం సెయ్యడానికి సరిపోవు."

అందరూ ఒప్పుకున్నారు. టీచరమ్మ కూడా.

కోడలు ఆయన పెన్సిలూ, కార్బనూ, స్కేలూ తెచ్చి ముందు పెట్టింది. గీతలు కొట్టాను. ఏం రావాలి నాకు ఇది రాయడానికి? వారాల పేర్లు. గంటలు. లైనులో అందరి పేర్లు. అన్నీ వచ్చు. అవే వచ్చు. మిగతా అక్షరాలు ఆయన పోయాక, తీరిక దొరికాక, ఒక్కొక్కటే ఏరుకున్నాను, మీరు చదివే ఈ కథ రాయడానికి. పెన్సిలు మంగళవారం అయిదు గడి దగ్గరికి వెళ్ళింది. రిలీవరు వచ్చేదాకా సీటు వదలకూడదని అనేవాడు కదా, ముసలాడు. మూడేళ్ళు పట్టింది వాడికి నన్ను తయారు చెయ్యడానికి.

రాశాను. ఇంటికి రెండు. ఎక్కడా తప్పు లేదు, కావలిస్తే ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. శనివారం వెంకన్న, ఆదివారం ప్రార్థనలు. గురువారం నాలుగు నాకు. నా పేరు ఇంకోచోట ఆదివారం పొద్దున్న. టీచరమ్మకి రెండు, కోడలికి రెండు, చివరింటివాళ్ళకి రెండు. ఆదెమ్మకి రెండు. బుధవారం ఏడు. మంగళవారం అయిదు.

క్లిప్పు నోరు తెరిచి కాయితం పెట్టాను. కొడుకు లేచి వచ్చి, లుంగీ కట్టుకుంటూ పైనించి కిందకి చూశాడు. వాడికి తెలుగు చదవడం రాదు, హిందీలో చదువుకున్నాడు. గీతలు తిన్నగా ఉన్నాయా లేదా అని చూసి, "ఠీక్ హై" అన్నాడు. ఛత్రీ మేడ మీదే ఉంది.

చదువొచ్చినవాళ్ళు సంతకాలు పెట్టి వెళ్ళిపోయారు. ఆఖరికి ఆదెమ్మ వేలు చాపింది. సిరా ప్యాడు తెరిచి పెట్టాను.

"నాదెప్పుడే ఒదినా?"

"బుధవారం ఏడు."

"ఇంటికి రెండు కదా, రెండోదో?"

"ఉంటాదమ్మా" అన్నాను. "సూడాల."

వేలు నొక్కింది. మంగళవారం మామూలుగా సంతకెళ్ళింది. అయిదింటికి టీవీలో లావుపాటావిడ నువ్వుల జీడికి పాకం మొదలుపెట్టింది. నేను పేము కుర్చీలో టీవీ వైపు తిరిగి కూర్చున్నాను. సీటు ఖాళీగా ఉంటే స్పేర్ కూర్చోవాలి, రూలు. ఆవిడ నెయ్యి వేసింది. తక్కువ.

ఆదెమ్మకి అక్షరాలు నేర్పాలి. పాత కాయితాలు దాచి పెడుతున్నాను. తొందరేం లేదు.